నాయన కుంటి అడుగు

మగ్గం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా కథలు నమ్మి ఇదివరకు మోసపోయినవాళ్లు ఈ ఒక్కసారికి ఓర్చుకుని వినండి.

నగరి దగ్గర మాది నేతవాళ్ల వీధి. నూలు ధర తగ్గించమని నాయన ఒకసారి మంత్రి కారుకు అడ్డం నిలబడి నల్లజెండా చూపించాడు. అమ్మ గొడుగు గుడ్డ చించి చేసిన జెండా అది. ఆ వానాకాలమంతా అమ్మ తడుస్తూనే తిరిగింది. నాయన పేరు మాత్రం పోలీసుల జాబితాలోకి ఎక్కి, మళ్లీ దిగలేదు. తిరుపతికి ఏ పెద్దమనిషి దర్శనానికి వచ్చినా, ఆ ఉదయమే కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చేవాడు.

“ఈ పూట యాడికీ పోవద్దప్పా,” అనేవాడు.

“నేను యాడికి పోతానబ్బా, రెండు కాళ్లూ గుంటలోనే ఉండాయి,” అనేవాడు నాయన, నేలలో గుంట తవ్వి కాళ్లు దించుకుని నేసే గుంటమగ్గంలోంచి లేవకుండానే.

“ఆ కాళ్లతోనే కదా కారుకు అడ్డం పోయినావు.”

నాయన ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. తొక్కుడు చెక్క మీద అది పడేసరికి ఒక క్షణం ఆలస్యమయ్యేది. టక్, కాస్త ఆగి, టక్. వీధిలో ఎన్ని మగ్గాలు ఆడుతున్నా మాది ఏదో చెప్పేయొచ్చు. పోనుపోను కానిస్టేబుల్ లోపలికి రావడం మానేశాడు. కిటికీ బయట బండి ఆపి, ఆ చప్పుడు విని, ‘ఇంట్లోనే ఉన్నాడు’ అని రాసుకుని పోయేవాడు.

అది కనిపెట్టి నాయనకు చెప్పింది నేనే. ముఖ్యమంత్రి వస్తున్న ఒక రోజు, తిరుపతికి పోయి అర్జీ ఇచ్చి తీరాలన్నాడు నాయన. నన్ను మగ్గంలో కూర్చోబెట్టాడు.

“ఎడమ కాలు నిదానంగా ఎయ్యి.”

“నా కాలు బాగుండాదే నాయనా.”

“ఈ పూటకు కుంటోడివనుకో. అంత నిదానం గాదు, నేనేమన్నా మగ్గంలో నిద్రపోతానా?”

ఆయన బస్సెక్కాడు. కానిస్టేబుల్ వచ్చి, విని, రాసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చిన నాయన అర్జీ సంగతి చెప్పనే లేదు. నేను ఎగుడుదిగుడుగా నేసిన మూరెడు గుడ్డను వేలితో తడిమి చూశాడు.

“పోలీసాయన నమ్మినాడు, సరే. దీన్ని ఎవురు నమ్మాల?”

నాయన పోయి రెండేళ్లు. ఈ మధ్య మళ్లీ ఎవరో పెద్దమనిషి తిరుపతికి వచ్చాడు. నేను మగ్గంలో ఉండగా కిటికీ బయట బండి ఆగింది. అదే కానిస్టేబుల్, జుట్టు నెరిసింది. వేరే ఊరికి బదిలీ అయి ఈమధ్యే తిరిగొచ్చాడు; ఆ మధ్యకాలంలో మా కిటికీ దగ్గర ఆగినవాళ్లే లేరు, నాయన పోయిన సంగతి ఈయనకు తెలియదు. అంటే జాబితాలో నాయన ఇంకా బతికే ఉన్నాడన్నమాట. నా ఎడమ కాలు దానంతటదే నిదానించింది. టక్, కాస్త ఆగి, టక్. ఆయన విన్నాడు, పుస్తకం తీసి రాసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆ పూటంతా నాయన ఇంట్లోనే ఉన్నాడు. ప్రభుత్వం వారే రాసుకున్నారు.

సరే, ఒప్పుకుంటున్నాను. బండి ఆగడం నిజం, నా కాలు నిదానించడం నిజం. ఆయన రాసుకుని వెళ్లిపోవడం మాత్రం నా కల్పన. పాత పరిచయం కొద్దీ పలకరిద్దామని లోపలికి వచ్చాడు. గోడ మీద దండ వేసిన ఫొటో చూసి టోపీ తీశాడు.

“ఎప్పుడప్పా?”

“రెండేండ్లాయె సార్.”

“పేరు కొట్టేయాల. మరణ ధ్రువపత్రం జిరాక్సు ఒకటి ఇయ్యి.”

“ఉండనీ సార్. ఇంక ఆయన ఎవురి కారుకు అడ్డం పోతాడు?”

“నా చేతిలో లేదబ్బా.”

ఇచ్చాను. ఇప్పుడు తిరుపతికి ఎవరొచ్చినా మా కిటికీ దగ్గర బండి ఆగదు. అలాంటి రోజుల్లో నేను మాత్రం ఎడమ కాలు నిదానంగానే వేస్తాను. గుడ్డ ఇప్పుడు చెడిపోవడం లేదు.