తెల్లత్త ఒడిబియ్యం

గంజి పెట్టి ఆరేసిన నేతచీర వాసన ఎక్కడ తగిలినా, దాని కింద జానెడు మేర కనిపించే రెండు తెల్లటి కాళ్లు నా కళ్లముందు మెదులుతాయి. అవి సిరిసిల్లలో మా ముందుగదిలో నాలుగేళ్లు కిరాయికున్న తెల్లత్తవి. ఎక్కడో నార్వే నుంచి మా ఊరి చిన్న దవాఖానకు కాన్పులు చేయడానికి వచ్చిన నర్సు ఆమె. మా నాయనమ్మను "అవ్వా" అని, అంటే అమ్మా అని పిలిచింది గనుక నాకు అత్త అయింది, తెల్లగా ఉంది గనుక తెల్లత్త. అంతే!

వచ్చిన నెలకే చీరల్లోకి దిగింది. తాటిచెట్టంత మనిషికి మామూలు చీర వెడల్పు, అదే పన్నా, ఏం సరిపోతుంది? వాడకట్టు ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే తాతకు రోషమొచ్చి, ఆ వానాకాలమంతా మగ్గం మీద పన్నా పెంచి, నాయనమ్మ కండెలు చుట్టి అందిస్తుండగా, ఆకుపచ్చ చీరకు పసుపు అంచు వేసి నేశాడు. బతుకమ్మకు ఆ చీర గోచిపెట్టి కట్టుకుని, చెరువు గట్లమీద తిరిగి గునుగు పూలు తానే కోసుకొచ్చి, ఒక్క చప్పట్టూ తాళానికి పడకుండా ఆడి, చివర్లో సత్తుపిండి బుక్కి పొలమారి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మెల్లగ తిను బిడ్డా, ఎవలన్న గుంజుకుంటరా?" అంటూ నాయనమ్మ నెత్తిమీద తట్టింది.

ఆమె వెళ్లిపోయే ముందు నాయనమ్మ ఒడిబియ్యం పోస్తానంది. పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడి నిండా పోసి పంపడం మా దగ్గర ఆనవాయితీ.

"పెండ్లిగాని పిల్లకు ఒడిబియ్యమేందే?" అంది పక్కింటి లచ్చవ్వ.

"పుట్టింటికెల్లి పోయే పిల్ల వట్టి ఒడితోని పోతదా? నువ్వు జెర సప్పుడుజెయ్యకు!"

ఒడి నింపుకున్న బిడ్డ పోతూపోతూ ఐదు పిడికిళ్లు గడప దగ్గర పోసిపోవాలి, అప్పుడే పుట్టిల్లు నిండుగా ఉంటుందని మా ఇంటి నమ్మకం. సంచులు పట్టుకుని ముందే రిక్షా దగ్గరికి నడిచిన నాయనమ్మ, అది అత్తకు గుర్తుచేసే పని నాకు అప్పగించింది. నేనేమో అత్త చేతిలో పెట్టిన కుడుకలో చక్కెర నింపుకుని నాకుతూ కూర్చున్నాను. తలెత్తేసరికి రిక్షా మూలమలుపు తిరిగిపోయింది. గడప దగ్గర గింజ లేదు! గబగబా బియ్యం గుమ్మిలోంచి ఐదు పిడికిళ్లు తీసి, ఇంత పసుపు రాసి, గడప పక్కన కుప్పగా పోశాను.

బస్సెక్కించి వచ్చిన నాయనమ్మ ఆ కుప్పను వంగి చూసింది.

"తెల్లదాని చేతులు గింత చిన్నగ ఎప్పుడాయెనే?" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొన్నేళ్లకు మగ్గం ఆగింది, తాత పోయాడు, వెనకే నాయనమ్మ పోయింది. ఇల్లు ఖాళీ అయింది నావల్లేనని ఎన్ని ఏడుపులు ఏడ్చానో ఎవరికీ తెలియదు. పెద్దదాన్నయ్యాక నవ్వుకున్నాను గానీ, లోపలి ముల్లు మాత్రం పోలేదు.

మొన్న జగిత్యాలలోని మా ఇంట్లో మా బిడ్డ ఫోన్లో వెతికివెతికి ఆమెను పట్టింది. వీడియోలో కిటికీ అవతల తొలి మంచు, ఇవతల ఎనభై దాటిన తెల్లత్త. ఉన్ని స్వెటర్ కింద అదే ఆకుపచ్చ చీర, అంచు వెలిసిపోయింది. ఏడాదికోసారి బతుకమ్మ రోజుల్లో కడుతుందట, వీధిలో అందరూ వింతగా చూసినా సరే. మంచిచెడ్డలైనా అడగకుండా నా తప్పు చెప్పేశాను. ఆమె పడిపడి నవ్వింది.

"గడప కాడ పొయ్యాలెనని నాకు ఎరుకే. అవ్వ ముందురోజే చెప్పింది. పోస్తే పనైపాయె గదా? మళ్ల రానీకి ఏదన్న ఉండాలెనని నేనే పొయ్యలే."

గాజుసీసా ఎత్తి చూపింది. అడుగున పాలిపోయిన పసుపు బియ్యం, ఐదు పెద్ద పిడికిళ్లు.

"మోకాళ్లు లేస్తలేవు గని, గడప ఉంటే అస్త. ఉన్నదా?"

"ఉన్నదత్తా" అన్నాను.

ఆదివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాను. తమ్ముడు కట్టిన కొత్త ఇంట్లో మగ్గం గుంత లేదు, గుమ్మి లేదు, నున్నటి బండల మీద గడపే లేదు. పాత గడప చెక్క మెట్లకింద దుమ్ములో పడి ఉంది. బయటికి లాగి, కడిగి, పసుపు రాస్తున్నాను.

"గిప్పుడు గిదెందుకక్కా?" అన్నాడు తమ్ముడు.

"అత్త అస్తది" అన్నాను.