పురిటి గదిలో బ్యాటరీ

సోలార్ పెట్టించుకున్న ఇళ్లకు ఇచ్చే తనిఖీ కార్డులో సంతకానికి ఒకటే గడి. అందులో ఎప్పుడూ సూపర్‌వైజర్ బ్రహ్మం పేరే ఉండేది. చాలా ఇళ్ల దగ్గర అతను బండి కూడా దిగేవాడు కాదు. మేడెక్కి ప్యానెళ్లు కడిగేది, ఇన్వర్టర్ మీద అంకెలు చూసేది, బ్యాటరీ దుమ్ము తుడిచేది పుల్లమ్మ. దొనకొండ దగ్గర గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, ఒంగోలులో నలభై ఐదు రోజులు సోలార్ మెకానిక్ శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. ఆమెతో పాటు నేర్చుకున్న మగవాళ్లకు సోలార్ పెట్టే ఏజెన్సీ మరమ్మతు పని ఇచ్చింది. ఆమె చేతికి నీళ్ల పైపూ గుడ్డా ఇచ్చి, కాగితాల్లో పేరు పక్కన ‘క్లీనింగ్’ అని రాసుకుంది. రెండేళ్లు ఆమె ఆ మాట మీద ఎవరినీ ఏమీ అడగలేదు.

పొదిలి బజారులో దుర్గాంబగారిది కిరాణా దుకాణం. దుకాణం వెనకే ఇల్లు. బియ్యం బస్తాలు వేసే గదిలో బ్యాటరీ పెట్టించుకున్నారు. ఫిబ్రవరిలో దాన్ని తుడుస్తుంటే, వైరును పట్టి ఉంచే నట్టు పుల్లమ్మ వేలికే తిరిగింది. చుట్టూ తెల్లగా, గోడకు చవుడు పట్టినట్టు పొడి పేరుకుంది. బయట బండి మీదున్న బ్రహ్మానికి చెప్పింది.

“నట్టు వదులుగా ఉంది సార్. చేత్తోనే తిరుగుతా ఉంది.”

“గొర్రెల కొమ్ములు వంచిన చెయ్యి గదక్కా నీది, దేన్నైనా తిప్పుతాది,” అని నవ్వాడు. “నీ పని మేడ మీద. కిందది నేను చూసుకుంటాలే.”

చూడలేదు. కార్డులో ‘అన్నీ బాగున్నాయి’ అని రాసి సంతకం పెట్టాడు. పుల్లమ్మ పైపూ గుడ్డా సర్దుకుని బండెక్కింది.

మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది ఏప్రిల్‌లో. పదకొండు దాటింది. ప్యానెళ్ల మీద పోసిన నీళ్లు పోసినట్టే ఆవిరవుతున్నాయి. ఇంకో బకెట్ నింపుకుందామని పెరట్లోకి దిగింది. దుర్గాంబ మట్టి మూకుడులో బొగ్గులు రాజేసి విసురుతూ ఉంది.

“సాంబ్రాణి ఎవురికమ్మా?”

“మా కూతురు జయలక్ష్మి పురిటికి వచ్చింది గదా. బిడ్డ పుట్టి తొమ్మిదో రోజు. ఇప్పుడే నీళ్లు పోసినాము. తల ఆరకముందే పొగ పట్టాల.”

“ఏ గదిలో పెట్టినారు?”

“బియ్యం గదిలోనే. గాలి సొరదు. కిటికీలో పాత చీరలు కుక్కినా.”

“బ్యాటరీ?”

“దాని మానాన అది ఉంది. రెండ్రోజుల నుంచి కీకీమంటా అరుస్తాంది, అంతే.”

మిట్టమధ్యాహ్నపు ఎండకు బ్యాటరీ నిండేటప్పుడు అందులోంచి ఒక వాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. కిటికీ తెరిచి ఉంటే బయటికి పోతుంది. మూసిన గదిలో కప్పు కింద చేరుతుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. శిక్షణలో మొదటి రోజే చెప్పిన మాట ఇది. పుల్లమ్మ బియ్యం గది గోడకు చెవి ఆనించింది. లోపల ‘చిట్’మంది. కాసేపాగి మళ్లీ ‘చిట్’మంది. వదులు నట్టు దగ్గర రవ్వ లేస్తోంది.

దుర్గాంబ మూకుడు ఎత్తుకుని గడప వైపు నడిచింది.

తన లెక్క తప్పితే? పురిటింట నిప్పు ఆర్పిన ఆడదాన్ని ఈ వీధిలో ఇంకే ఇల్లూ మెట్లెక్కనివ్వదు. తప్పకపోతే? రెండు నెలలుగా తనకు తెలుసు. పుల్లమ్మ అడ్డంగా వెళ్లి, బకెట్ అడుగున మిగిలిన నీళ్లు మూకుడులో గుమ్మరించింది.

“నీకేమన్నా దయ్యం పట్టిందా?” దుర్గాంబ మూకుడు వదిలేసింది. “మేడ మీద నీళ్లు పోసేదానివి, నా మనవరాలి ధూపం మీద పోస్తావా?”

పుల్లమ్మ బియ్యం గది తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించి పిలిచింది.

“జయమ్మా, బిడ్డనెత్తుకోని అట్లనే బయటికి రా తల్లీ. లైటు వెయ్యొద్దు, తియ్యొద్దు. దేన్నీ ముట్టుకోవద్దు.”

ఆ గొంతులో ఏముందో, బాలింత మారుమాట లేకుండా బిడ్డతో వచ్చేసింది. పుల్లమ్మ మేడ మీదికి పరిగెత్తి ప్యానెళ్ల స్విచ్ దించింది. దిగి వచ్చి బయటినుంచే కిటికీలో చీరలు లాగేసి, తలుపు బార్లా తీసి, గంటసేపు ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. ఆ గంటా దుర్గాంబ తిడుతూనే ఉంది.

తర్వాత లోపలికి వెళ్లి చూశారు. నట్టు మీది ఎర్ర మూత కరిగి జారింది. వైరు తొడుగు నల్లగా ముడతలు పడింది. బ్యాటరీ మీద బిడ్డ పొత్తిగుడ్డలు పరిచి ఉన్నాయి. నట్టుకు తగిలిన గుడ్డ అంచు అరచేయంత మేర గోధుమరంగుగా మాడింది.

దుర్గాంబ ఆ గుడ్డను చేతిలోకి తీసుకుంది. “వెచ్చగా ఉంటాది, తొందరగా ఆరతాయని నేనే ఏసినానే,” అంది.

శిక్షణలో ఇచ్చిన పానా పుల్లమ్మ సంచి అడుగున రెండేళ్లుగా పడి ఉంది. పిడికి గుడ్డ చుట్టి, ఇన్వర్టర్ ఆపి, ముందు మైనస్ వైరు ఊడదీసింది. వంటసోడా నీళ్లతో పొడి కడిగి ఆరబెట్టింది. బ్యాటరీని వసారాలోకి జరిపించింది. కాలిన వైరు మార్చేదాకా స్విచ్ వేయొద్దని చెప్పి వెళ్లింది.

మర్నాడు బ్రహ్మం వచ్చి కొత్త వైరు బిగించి, ఫోటో తీసి, కార్డులో ‘లోపం గుర్తించి సరిచేయబడినది’ అని రాసి సంతకం పెట్టాడు. అనుమతి లేకుండా బ్యాటరీ ముట్టుకుందని పుల్లమ్మను పనిలోంచి తీసేశారు.

ఇప్పుడామె దొనకొండ దగ్గర పుట్టింట్లోనే ఉంటోంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమెకు అన్నం దిగదు. తను తుడిచిన బ్యాటరీల్లో ఇంకో మూడింటి నట్లు వదులుగా ఉండేవి. ఒకటి మార్కాపురంలో పలకల మిల్లు వెనక ఇంట్లో, పిల్లల మంచం పక్కనే. ఒకటి గిద్దలూరులో దేవుడి గూడు కింద. ఆ రెండిళ్లకూ వెళ్లి చెప్పి వచ్చింది, మూడోది ఎక్కడిదో ఆమెకు గుర్తు రావడం లేదు. ఇళ్ల చిరునామాలు ఇమ్మని ఏజెన్సీని రెండుసార్లు అడిగింది. ఇవ్వలేదు.

ఆ మూడో ఇల్లు మీది కావచ్చు. ఈ పూటే లేచి మీ బ్యాటరీ ఉన్న గదిలోకి వెళ్లండి. కిటికీ తెరవండి. దీపం, అగరొత్తి, సాంబ్రాణి, పక్క బట్టలు అక్కడినుంచి తీసేయండి. తెల్ల పొడి, కరిగిన మూత, చిటచిట కనిపించినా వినిపించినా మీరు ముట్టుకోవద్దు. మనుషుల్ని బయటికి పంపి, పని తెలిసినవాళ్లను పిలవండి. వాళ్లు కార్డు చేతికిస్తే సంతకం చూసి ఒక్క మాట అడగండి: బ్యాటరీని నిజంగా చూసిందెవరు? ఆ పేరు రాయించేదాకా కార్డు తీసుకోకండి.