పసుపు పేలిక కట్టిన దుప్పట్లు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ షెడ్డులో ఆమెను అందరూ మడతక్క అనేవారు. ఆమె మడిచిన దుప్పటి అంచు పక్కన పెడితే స్కేలు కూడా సిగ్గుపడాలి. తొమ్మిదేళ్ళు అలా మడిచింది. ఇప్పుడు పదకొండు రోజులుగా గడప దాటలేదు.

ఆమె ఆఖరిసారి పనికెళ్ళిన రోజు మధ్యాహ్నం ఆరబెట్టే యంత్రాలు హోరెత్తుతుండగా సూపర్‌వైజరు తాళాల గుత్తి తిప్పుకుంటూ ఆవిరి గదిలోకి వచ్చి లోపల్నుంచి గడియ పెట్టాడు. ఆమె అరిచింది. ఆ అరుపు ఆమెకే వినపడలేదు. అతని ముంజేయి కొరికి బయటపడేసరికి జరగరానిది జరిగిపోయింది.

పోలీసులు కేసు రాసుకున్నారు. అతను బెయిలు మీద బయటికొచ్చాడు. అప్పట్నుంచి ఎక్కడ తాళాలు గలగలమన్నా ఆమె తలుపు గడియ వేసుందో లేదో చూసుకునేది. భర్త తలుపు తట్టినా "నేనేనే, తియ్యి" అని మూడుసార్లు అంటే గానీ తీసేది కాదు. నిన్న సాయంత్రం ఆ సూపర్‌వైజరు వాళ్ళ సందు మలుపులో నిలబడ్డాడు. ఒక్క మాటా అనలేదు. తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ కిటికీ వైపు చూశాడు, అంతే.

షెడ్డు నడిపే కాంట్రాక్టరుకు భర్త చేత పంపిన ఫిర్యాదుకు జవాబు కూడా నిన్ననే వచ్చింది: ఆ రోజు ఆమె పనికే రాలేదట.

ఇవాళ పిన్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తే గానీ లాయరమ్మ గదిదాకా రాలేకపోయింది. సొంత పిన్ని కాదు. షెడ్డు నుంచి వార్డులకు దుప్పట్ల బండి తోసే మనిషి.

"తలుపు తీసే ఉంచండమ్మా" అంది మడతక్క, కూర్చోకముందే.

లాయరమ్మ ఒక లావుపాటి పుస్తకం తలుపుకు అడ్డం పెట్టింది.

"కాంట్రాక్టరు మీద దావా వెయ్యచ్చా? నన్ను పట్టుకున్నది ఆయన కాదుగా."

"నీకు పనిచ్చింది ఆయన. ఆ మనిషి చేతికి గది తాళాలిచ్చింది ఆయన. ఇంతకుముందు ఇద్దరు ఆడవాళ్ళు అతని మీద చెప్పుకుంటే నవ్వి పంపేసిందీ ఆయనే. అడిగే హక్కు నీకుంది. కాకపోతే నువ్వు ఆ రోజు అక్కడున్నట్టు తేలాలి. హాజరు పట్టీలో లేవని ఉంది."

"ఆ పట్టీ రాసేది ఆ సూపర్‌వైజరే కదమ్మా" అంది పిన్ని. "తను లేడని మాత్రం రాసుకోలేదు చూడండి, అంత నిజాయితీపరుడు."

మడతక్క చీర కొంగు చూసుకుంటూ, "నా పేలిక" అంది.

అది కాంట్రాక్టరు పెట్టిన పద్ధతే. ముడతలు పడ్డాయని వార్డు వాళ్ళు తిడితే ఎవరి చేతి పనో తెలియాలని, ఒక్కొక్కరు తాము మడిచిన దుప్పట్ల కట్టకు తమ రంగు పేలిక కట్టాలి. దాని కింద తేదీ ముద్ర వేసిన చీటీ పెట్టాలి. ఆమెది పసుపు. షెడ్డులో ఇంకెవరికీ ఆ రంగు లేదు.

"ఉంది!" అని పిన్ని ముందుకు వంగింది. "నీ కట్ట ఒకటి మూడో అంతస్తు వార్డు బీరువా అడుగున. కొత్తవి పైన పెడతాం, పైవే తీస్తారు. ఆ తేదీదే, మొన్న చూశా. రేపు బీరువాలు దులిపే రోజు, పొద్దున్నే బండిలో పట్టుకొచ్చేస్తా."

"వద్దు, దొంగతనమంటారు. దాన్ని కదపొద్దని ఇవాళే ఆసుపత్రికి రాస్తాను. అదొక్కటే చాలని చెప్పను. కానీ పట్టీ అబద్ధమని చూపిస్తుంది." లాయరమ్మ కాగితం ముందుకు జరిపింది. "నువ్వు దావా మీద సంతకం పెడితేనే నేను రాయగలను. రాసిన గంటలో కాంట్రాక్టరుకీ తెలిసిపోతుంది."

కాంట్రాక్టరుకు తెలిస్తే సూపర్‌వైజరుకు తెలుస్తుంది. మడతక్క కళ్ళ ముందు సందు మలుపు నిలబడింది.

"పిన్నీ, వాడు ఇవాళ కూడా అక్కడుంటేనో?"

"ఉండనీ. బండి తోసిన చేతులివి."

"ఇప్పుడు బండి లేదుగా."

"చేతులున్నాయి కదే."

సంతకం చీమలు పాకినట్టు వచ్చింది. పెట్టిన వెంటనే ఆమె చేతులు వాటంతటవే కాగితాన్ని నాలుగు మడతలు వేసి, బొటనవేలితో అంచు నొక్కేశాయి.

"అయ్యో, మడతలు పెట్టకూడదమ్మా."

"దానికి చెప్పి లాభం లేదు లెండి" అంది పిన్ని.

మడతక్క కాగితం విప్పి అరచేత్తో సాపు చేస్తుండగా మెట్ల మీద తాళాలు గలగలమన్నాయి. పిన్ని లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది. అడుగులు పైకొచ్చి, గది దాటిపోయాయి, పక్క గది తాళం తీసిన చప్పుడైంది.

మడతక్క కాగితం మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఆ ఉత్తరం ఇప్పుడే రాయండి" అంది. "నేనింటికి వెళ్ళేలోపే."