ఒక్కసారి కూడా నన్ను డాక్టర్ అనని మా రాహేలు పెద్దమ్మ

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసినాడు. రాహేలు పెద్దమ్మ ఇక లేదంట.

"పోరా! నిన్న సాయంత్రమే కదా నన్ను తిట్టింది" అన్నా.

నమ్మబుద్ధి కాలా. టీలో చక్కెర తక్కువైందని కోడలితో గొడవ పెట్టుకుందంట. ఇంకో గ్లాసు పోయించుకుందంట. అది తాగకముందే గుండె ఆగిపోయిందంట.

గొడవ మధ్యలో వదిలేసి పోయే మనిషి కాదు మా పెద్దమ్మ. అందుకే నమ్మలా.

హైదరాబాద్ నుంచి మార్కాపురం దాకా బస్సులో ఏడుస్తానే వచ్చినా. మధ్యలో రెండుసార్లు నవ్వు కూడా వచ్చింది. పక్క సీటు ఆమె నన్ను ఒక రకంగా చూసింది.

తెలియనోళ్ల కోసం చెప్తా.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నలభై ఏళ్లు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని చేసింది. బడి పిల్లలు రాసుకునే పలకలు. ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే రాయి పొరలు పొరలుగా విడిపోయేది. అంచు విరిగిన పలకలు నాకు తెచ్చిచ్చేది. నేను అఆలు దిద్దింది వాటి మీదే.

తను మాత్రం ఒక్క అక్షరం నేర్చుకోలా. "చేసేదాన్ని నేను, రాసేదానివి నువ్వు. సరిపోయింది పో" అనేది.

నాకు ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ వచ్చినప్పుడు మా ఊరి చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టినారు. పాస్టర్ అయ్యగారు "మన డాక్టర్ సునీత" అనంగానే అందరూ చప్పట్లు.

పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఆగండి అయ్యగారూ. ఏం చదివిందో నాకు అర్థమయ్యేట్టు చెప్పమనండి. అప్పుడంటా డాక్టరని."

ఇంకేముంది, మైకు నా చేతికొచ్చింది. డార్క్ మ్యాటర్ గురించి పది నిమిషాలు చెప్పినా. కంటికి కనపడదు, వెలుగుకి దొరకదు, కానీ బరువుంటాది. నక్షత్రాల గుంపులు చెదిరిపోకుండా పట్టుకునేది అదే. మనకు కనపడే పదార్థం ఒక పాలైతే అది ఐదు పాళ్లు.

"అర్థం కాలా" అని కూర్చుంది పెద్దమ్మ. బిర్యానీ మాత్రం రెండుసార్లు పెట్టించుకుంది.

అప్పట్నుంచి ఊరికి పోయినప్పుడల్లా నాకు వైవానే. యూనివర్సిటీలో పాసైనా, ఈమె దగ్గర ఫెయిలే.

పోయిన ఎండాకాలం ఫ్యాక్టరీ దగ్గరికి పోయినా, వాళ్లు టీ తాగే టైముకి. మళ్ళీ మొదలుపెట్టినా.

"పెద్దమ్మా, విశ్వం పుట్టినప్పుడు పదార్థమూ పుట్టింది, దానికి విరుద్ధమైందీ పుట్టింది. రెండూ తగులుకుని మాయమైనాయి. ఎందుకో ఒకవైపు రవ్వంత మిగిలింది. ఆ మిగిలిందే మనం, ఈ రాయి, నీ టీ గ్లాసు. డార్క్ మ్యాటర్ పుట్టిన కథ వేరే అనుకునేవాళ్లు. కథలు వేరైతే ఐదు పాళ్లే ఎందుకుంది? కోటి పాళ్లు ఉండొచ్చు కదా? అందుకే మాలో కొంతమంది ఏమంటారంటే…"

"గమ్మునుండు" అనింది.

గ్లాసు కింద పెట్టి, వెనకాల వేస్ట్ రాయి గుట్ట చూపించింది. మార్కాపురం చూసినోళ్లకు తెలుసు, ఆ గుట్టలు ఎంతెంత ఉంటాయో.

"పలకలు ఒక పాలు, ఆ గుట్ట ఐదు పాళ్లు అనుకో. కోటి పాళ్లు ఎందుకు కాలా?"

నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది.

"రెండూ ఒకే రాయిలోంచి వచ్చినాయి కాబట్టి. ఒకే దెబ్బకి విడిపోయినాయి. అందుకే ఒకటి కొండంత, ఇంకోటి ఆవగింజంత కాలా. పలకనైతే అందరూ చూస్తారు. గుట్టనెవరు చూస్తారే?"



అదే నా థీసిస్. రెండూ ఒకే సంఘటనలో కలిసి పుట్టినాయేమో అనే ఐడియా. నేను రెండొందల పేజీలు రాసినా. ఆమె ఒక టీలో తేల్చేసింది.

"అదే పెద్దమ్మా, అదే! అర్థమైంది కదా! ఇప్పుడన్నా డాక్టర్ అను."

"ఎందుకంటా? చెప్పింది నేను. నువ్వు కాదు."

చుట్టూ ఉన్న ఆడోళ్లు పడీపడీ నవ్వినారు.

"ఇంతకీ రుజువుందా?" అనింది.

"ఇంకా లేదు. వెతుకుతా ఉన్నాం."

"దొరక్కుండానే డాక్టర్ ఇచ్చినారా! సరే, దొరికితే ముందు నాకే ఫోన్ చెయ్యాల."

మాటిచ్చినా. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట "దొరికిందా?" అనే. లేదంటే తిట్లు. మొన్న సాయంత్రం తిట్టింది కూడా అందుకే.

ఈరోజు పొద్దున సమాధి చేసినాం.

మట్టి వేసి నిలబడితే నాకు ఒకటే బాధ. ఆ ఒక్క మాట ఆమె నోట వినకుండానే అయిపోయింది. చిన్నపిల్ల మాదిరి అనిపిస్తానేమో మీకు. నాకు మాత్రం డిగ్రీ కన్నా ఆ మాటే కావాల.

ఫ్యాక్టరీ ఆడోళ్లు నలుగురు వచ్చినారు. వాళ్లలో పెద్దామె కాశమ్మవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవబాక డాక్టరమ్మా."

"అట్ల అనబాక అవ్వా. పెద్దమ్మే ఒప్పుకోలా."

కాశమ్మవ్వ నన్ను వింతగా చూసింది.

"ఎవరు ఒప్పుకోంది? నిన్ను సునీత అంటే మా మీద పడి కసిరేది కదమ్మా. డాక్టరమ్మ అనండే అని! రాయి లోడుకొచ్చిన లారీ డ్రైవర్లను కూడా వదల్లా. ఆ గుట్ట చూపిచ్చి, ఐదు పాళ్ల కథంతా చెప్పి, ఇది మా డాక్టరమ్మ చెప్పింది అనేది."

"తనే చెప్పినానని అనలేదా?"

"ఒక్కరోజు కూడా అనలా."

సమాధి పక్కనే గట్టిగా నవ్వేసినా. ఏడుస్తానే.

పోతా పోతా కాశమ్మవ్వ నా నంబర్ రాయించుకుంది. దొరికితే వాళ్లకు చెప్పాలంట.

చెప్తా. కానీ ముందు నీకే పెద్దమ్మా. అక్కడ దేవుణ్ణి అడిగి ముందే తెలుసుకోబాక, మాటంటే మాట.

పోయిరా. ప్రభువు దగ్గర హాయిగా నిద్రపో. టీలో చక్కెర సరిపోకపోయినా కాస్త సర్దుకో.

నీ డాక్టరమ్మ