నీకెందుకప్పా గోతం?

మా ఊళ్ళో కొట్టం అంటుకుంటే ఫైరింజన్ పక్క పట్నం నుంచి రావాలి. బేతంచెర్ల బండల లారీల వెనక ఇరుక్కుని అది వచ్చేసరికి దాని కడుపునిండా నీళ్ళుంటాయి, ఇక్కడ ఆర్పడానికి మంట ఉండదు. అందుకని అటు ఫోను చేస్తూనే ఇటు ఒక మనిషిని పిలిచేవాళ్ళు. ఆయన బేల్దారి. ఇళ్ళు కట్టి బతికే మనిషి. మంటలార్పమని ఆయనకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. టోపీ గానీ బూట్లు గానీ కొనివ్వలేదు. కేక వినపడగానే గోడ దిగి, తాపీని ఇసుకలో గుచ్చి పరిగెత్తేవాడు. ఏ ఇల్లు కడుతుంటే ఆ ఇంటి యజమాని వెనక నుంచి తిట్టేవాడు. తన గడ్డివామి అంటుకున్న రోజు మాత్రం ఆ యజమానికి తిట్లు గుర్తు రాలేదు.

మా మిద్దె మీది గది కట్టింది ఆయనే. పరిచయం అప్పటిది. పిల్లర్లు పోసిన మర్నాడు పొద్దున్నే వచ్చి, ఖాళీ గోనెగోతాలు నీళ్ళ డ్రమ్ములో ముంచి, పిల్లర్లకు చుట్టి, పురికొసతో ముడి వేసేవాడు. సిమెంటు ఎండకు పగలకుండా అట్లా చేస్తారు. మంటల దగ్గరికి పోయినా ఆయన చేతిలో ఉండేది ఆ గోతమే. నీళ్ళు కారుతున్న గోతం నెత్తిమీద కప్పుకునేవాడు. ఇంకొకటి చేతులకు చుట్టుకుని, మండుతున్న వాసం లాగేవాడు.

"సిమెంటుకూ అగ్గికీ మందు ఒకటే సార్, తడి గోతం" అన్నాడొకసారి.

బడిపంతులుగా ముప్పై ఏళ్ళు చేసి, ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన నేను ఆ రోజు మురిసిపోయాను. చదువు లేని మనిషి నోట ఇంత శుద్ధమైన హేతువు! డైరీలో రాసుకున్నాను కూడా.

ఊరికి ఆ గోతం కనపడలేదు. పొగలోకి పోయిన మనిషి పొగలోంచి వచ్చాడు, అంతే కనపడింది. ఆయనకు అగ్గి కట్టే మంత్రం తెలుసన్నారు. ఆయన తాత ఎవరో ఫకీరు దగ్గర నేర్చుకున్నాడని ఒకరు, అహోబిలం అడవిలో సాధువు చెవిలో చెప్పాడని ఇంకొకరు. అడిగితే ఆయన నవ్వేవాడు. "మా తాత యాడికీ పోలేదప్పా, కల్లంగడి దాటి." అయినా ఎవరూ నమ్మలేదు. అబద్ధాన్ని గౌరవించే అలవాటున్న ఊరికి నిజం చెబితే వినయం లాగా వినపడుతుంది.

దీన్ని నేను సరిచేస్తానని బయలుదేరాను. నా జీవితంలో చేసిన నీచమైన పని అట్లా మంచి ఉద్దేశంతో మొదలైంది.

మా వైపు పీర్ల పండక్కి హిందువులూ ముస్లింలూ కలిసి గుండం తొక్కుతారు. మొక్కుకున్నవాడికి నిప్పు అంటదని నమ్మకం. మొక్కు లేకపోయినా, ఉపవాసం లేకపోయినా నిప్పుల మీద నడవొచ్చని నలుగురిలో చూపించాలని మా హేతువాద సంఘం తీర్మానించింది. బడి ఆవరణలో గుండం తవ్వించాం. తుమ్మమొద్దులు కాల్చి నిప్పులు పరిచాం. మా సంఘంలో ఏడుగురం. ఒక్కడి కాలూ చెప్పులోంచి బయటికి రాలేదు. నాకు షుగరు ఉంది, పాదాలకు దెబ్బ తగలకూడదని డాక్టరు చెప్పాడు. షుగరు నిజమే. భయం కూడా నిజమే. రెండోది ఎవరికీ చెప్పలేదు.

ఆయన పేరు నేనే సూచించాను.

"కాలదు గదా సార్?" అన్నాడు లుంగీ ఎగగట్టుకుంటూ.

"కాలదు. నేను చెబుతున్నా గదా."

"మీరు చెప్తే సరే."

నడిచాడు. ఆరడుగులు. అవతల గట్టున నిలబడి పాదాలు ఎత్తి చూపించాడు. జనం ఈలలు వేశారు. తర్వాత నేను మైకు అందుకుని గడియారం చూడకుండా మాట్లాడాను. బొగ్గు మీద బూడిద పొర ఉంటుంది, అది వేడిని నిదానంగా వదులుతుంది, పాదం ఆనేది ఒక్క క్షణం, అంతే సంగతి అన్నాను. "మహిమ అనుకుంటే కాలిన పెనం మీద నిలబడి చూడండి, ఇనుము ఎవరినీ వదలదు" అన్నాను. ఆ వాక్యానికి చప్పట్లు వచ్చాయి. చప్పట్లు వచ్చిన వాక్యం నేను మరిచిపోను.

వీడియో తీసినవాళ్ళు నా ఉపన్యాసం కత్తిరించారు. ఆరడుగుల నడకకు డప్పులు జోడించి పంపించారు. ఓర్వకల్లు, మైదుకూరు, ఇంకా ఎక్కడెక్కడికో పోయింది. అందులో సంఘం లేదు, బూడిద పొర లేదు, ఇనుము లేదు. నిప్పుల మీద నవ్వుతూ నడుస్తున్న ఒక బేల్దారి ఉన్నాడు. అంతవరకూ ఆయనను నమ్మనివాళ్ళు కూడా నమ్మడం మొదలుపెట్టారు. నా మాటలు కత్తిరించారని నేను వారం రోజులు ఏడ్చి, పత్రికకు ఉత్తరం రాశాను. ఆ వీడియో వల్ల ఆయనకు ఏమవుతుందని ఒక్క పూట కూడా ఆలోచించలేదు.

అయింది ఎండాకాలంలో. శనివారం, మధ్యాహ్నం భోజనాల వేళ. మా వీధి చివర రైతు ఇంటి వెనక బోదకొట్టం అంటుకుంది. బోదగడ్డి కప్పు, కింద కందికట్టె దడి. నేను పోయేసరికి ఒక పక్క కప్పు కూలుతోంది. మనుషులెవరూ లోపల లేరు. ఎనుము ఉంది. పాలిచ్చే గేదె, ఇనపగొలుసుతో గుంజకు కట్టేసి ఉంది. అరుస్తూ గొలుసు గుంజుతోంది.

ఆయన ఇంట్లో అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. చేతికింకా ముద్ద అంటుకుని ఉంది. రోజూ వెంట తెచ్చుకునే గోతం ఆ రోజు పని దగ్గర ఉండిపోయింది.

"ఒక గోతం తడిపియ్యండప్పా, బిరీన!" అన్నాడు.

ఎవరో నవ్వారు. ఎగతాళి కాదు, అభిమానంగానే.

"నీకెందుకప్పా గోతం?"

"గుండం మింద పూలమింద నడిచినట్ల నడిస్తివి గదప్పా, ఈ కొట్టం నీకొక లెక్కనా?"

"మంత్రం చెప్పుకోని పో మామా, మేం ఈడ్నే ఉండాం!"

ఫోనులు లేచాయి. పది, పదిహేను. ఆయన వాళ్ళను చూసి, తర్వాత నన్ను చూశాడు. గుంపులో ఆ మంత్రం అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "సార్, మీరన్నా చెప్పండి" అన్నాడు.

చెప్పాను. అదీ నేను చేసింది. జనం వైపు తిరిగి, చెయ్యెత్తి, "అది మంత్రం కాదు! ఆ రోజే వివరించాను మీకు, బూడిద పొర..." అని మొదలుపెట్టాను. ఒకడు అడ్డం వచ్చాడు. "అట్లయితే మీరెందుకు నడవలేదు సార్?" నాకు రోషం వచ్చింది. వాడికి జవాబు చెప్పాను. వాడి జవాబులో తప్పు పట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి నాకు నేర్పింది అదే: ఎదుటివాడి మాటలో తప్పు దొరికితే వదలకు. గుంపులో ఇద్దరు ముగ్గురు నా వైపు తలలూపారు. వాదన గెలుస్తున్నానని నాకు అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుపడాలి. పడడం లేదు. అలవాటు పడ్డాను.

ఖాళీ గోతం నా కాలి దగ్గరే పడి ఉంది. దాణా గోతం. పశువుల నీళ్ళతొట్టి నాకు ఐదారు అంగల దూరం. వంగి తీసుకుని, ముంచి, ఆయన చేతికిస్తే అయిపోయేది. దానికి హేతువాదం అక్కర్లేదు, దేవుడూ అక్కర్లేదు. వంగాలి, అంతే.

ఎనుము మళ్ళీ అరిచింది. నేను వెనక్కి తిరిగేసరికి ఆయన లోపలికి పోయాడు.

గొలుసు కొక్కెం విప్పాలంటే రెండు చేతులూ కావాలి. ఎనుము గుంజుతుంటే గొలుసు బిగుస్తుంది. మంటలో కాలిన గొలుసు అది. బిగుతు సడలేదాకా ఆయన వట్టి చేతులతో పట్టుకునే ఉన్నాడు. ఇనుము ఎవరినీ వదలదు. ఎనుము బయటికి దూకింది, తోక వెంట్రుకలు మాడాయి తప్ప దానికేమీ కాలేదు. దాని వెనక ఆయన వచ్చాడు. చేతులు ముందుకు చాపుకుని, ఎవరికో ఏదో ఇవ్వబోతున్నట్టు వచ్చాడు. జనం కేరింతలు కొట్టారు. అరచేతులు చూసినాక ఆగారు. అప్పుడు ఎవరో నీళ్ళు తెచ్చారు. అప్పుడు గోతం కూడా తడిపారు.

కర్నూలు పెద్దాసుపత్రిలో రెండు నెలలున్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు, అట్లే బతికాడు. వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుని ఉండిపోయాయి. తాపీ నిలవదు. గ్లాసు రెండు మణికట్ల మధ్య ఇరికించి తాగుతాడు. ఆయన భార్య అన్నం కలిపి ముద్దలు చేసి పెడుతుంది. చూడ్డానికి పోయినప్పుడల్లా ఆమె లేచి వంటింట్లోకి పోయేది. నాకు ఒక్కసారి కూడా నీళ్ళివ్వలేదు.

ఊరు ఊరుకుంటుందా? ఎందుకు కాలిందో తేల్చాలి. గోతం ఇవ్వలేదు కాబట్టి కాలిందని ఒక్క నోరూ అనలేదు. ఆ నోళ్ళన్నీ అక్కడ నవ్విన నోళ్ళే గదా. ఏదో నియమం తప్పాడన్నారు. మైలలో ఉన్నాడన్నారు. మంత్రాన్ని సంఘపోళ్ళకు అమ్ముకున్నాడు, దాంతో పని చెయ్యలేదు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ సభ పెట్టించాను. ఆ చేతులు వేదిక మీద చూపిస్తే ఈ మూర్ఖుల నోళ్ళు మూతపడతాయి అనుకున్నాను. ఆయన రానన్నాడు. మూడుసార్లు పోయి బతిమాలాను. మూడోసారి, "మీరు చెప్తే సరే" అన్నాడు. అదే మాట.

వేదిక మీద ఆయన చేతులు నేనే పట్టుకుని పైకెత్తాను. "చూడండి! మంత్రముంటే ఇట్లా అవుతుందా?" అన్నాను.

ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన నిదానంగా లేచాడు. "సారూ, మీరుండండి. ఏమప్పా బేల్దారీ, ఆ పొద్దు శనివారం. నువ్వేం తిన్యావు?"

ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. "సంగటి, పొట్లికూర" అన్నాడు. మా వైపు పొట్లికూరంటే మాంసం కూర.

"శనివారం పూట పొట్లికూర!"

సభ సభంతా పగలబడి నవ్వింది. "అట్ల చెప్పు!" "అగ్గిదేవునికి వాసనొచ్చింటాది!" కడుపులు పట్టుకుని నవ్వారు. ఆయన మైకు దగ్గరికి వంగి, "గుండం తొక్కిన పొద్దు గుడక తినింటినప్పా" అన్నాడు. మాంసం తిన్న రోజు కూడా నిప్పు కాల్చలేదు; ఆ ఒక్క మాటతో ఊరి వాదం కూలిపోవాలి. నా ముప్పై ఏళ్ళ ఉపన్యాసాల్లో అంత సూటి మాట లేదు. ఎవరూ వినలేదు.

నవ్వులు తగ్గినాక ఆయన ఇంకా మైకు వదల్లేదు. "కాలింది కూర తిని కాదప్పా. గోతం అడిగితి. ఇయ్యకపోతిరి. మీరు తెలియక ఇయ్యలేదు. తెలిసినోళ్ళు గుడక ఈడ ఉండారు. సారు కాళ్ళకాడ్నే గోతం పడుండె..."

నేను మైకు నా వైపు లాక్కున్నాను. ఆయన వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి గదా, గట్టిగా పట్టుకోలేడు. సులభంగా వచ్చింది. "సమయం మించిపోయింది, వందన సమర్పణ" అన్నాను. నా మాటలు కత్తిరించారని పత్రికకెక్కినవాణ్ణి, ఆయన మాటను నా చేత్తోనే కత్తిరించాను. ఆ సభలో కారణం చెప్పిన మనిషి ఆయన ఒక్కడే.

ఇది జరిగిన ఏడాదికి మా పక్కింటివాళ్ళు మిద్దె వేస్తున్నారు. పొద్దున్నే మెట్ల మీద చప్పుడైతే తొంగి చూశాను. ఆయనే. ఇప్పుడు తాపీ పని లేదు, సిమెంటు మీద నీళ్ళు కొట్టే పనికి వస్తున్నాడు. పైపు మోచేతి మడతలో ఇరికించుకుని పిల్లర్లు తడుపుతున్నాడు. గోతాలు చుట్టాడు గానీ ముడి వేయలేకపోతున్నాడు. పురికొస పళ్ళతో పట్టి లాగుతున్నాడు, జారిపోతోంది.

పోయాను. ఏం చెప్పాలో ఏడాదిగా మనసులో రాసుకుని ఉన్నాను. "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

పురికొస నోట్లోంచి తీయకుండానే, "ఈ కొస పట్టుకోండి సార్" అన్నాడు.

పట్టుకున్నాను. నీళ్ళు కారే గోతం, చల్లగా, ఊహించినదాని కన్నా బరువుగా ఉంది. నా చొక్కా తడిసింది. "నిన్ను ఆ సభకు పిలవకుండా ఉండాల్సింది, అంతకుముందు కూడా, అసలు ఆ గుండం..." అంటున్నాను. గోతం నా చేతుల్లోంచి జారి ఇసుకలో పడింది.

ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. కోపం లేదు, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టే అన్నాడు.

"ఆ పొద్దు గుడక ఇట్లనే మాట్లాడ్తా నిలబడితిరి సార్."

వంగి గోతం తీశాను. డ్రమ్ములో మళ్ళీ ముంచి తెచ్చి, పిల్లరుకు చుట్టి పట్టుకున్నాను. ఆయన ముడి ఎట్లా వేయాలో చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. నాకు రాలేదు.