మూల తెగిన ఉత్తరం

నా చిన్నప్పుడు మా ఇంటికి ఒక చావు ఉత్తరం వచ్చింది. అది చావు ఉత్తరం కాదని తేలేలోపు మా అవ్వ నెత్తిన రెండు బిందెల నీళ్లు కుమ్మరించుకుంది, మా పిన్ని గోడకు ఆనుకుని కూలబడిపోయింది, నేను ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు తెచ్చుకున్నాను. ఇదంతా ఒక గంటలో జరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడది నవ్వులాట కాదు.

మాది అల్లూరు దగ్గర పల్లె. పాకిస్తానుతో యుద్ధం వచ్చిన ఏడాది నాకు తొమ్మిదేళ్లు. మా బాబాయి మిలిటరీలో ట్యాంకుల దళంలో వైర్‌లెస్ పని చేసేవాడు. ఆ వేసవిలోనే ఆయనకు పెళ్లయింది. సెలవు అయిపోగానే పిన్నిని మా ఇంట్లో వదిలి వెళ్లిపోయాడు. పిన్నికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, నాతో పాటు కూర్చుని అచ్చనగాయలు ఆడేది.

మా తాతయ్య కూడా ఒకప్పటి సిపాయే. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా కొండల్లో కంచర గాడిదలు తోలాడు. ఫిరంగిని ముక్కలుగా విడదీసి, ఒకదాని మీద గొట్టం, ఇంకోదాని మీద చక్రాలు కట్టుకుని, వానలో కొండ ఎక్కి పైన మళ్లీ బిగించేవాళ్లట. బాబాయి దాన్ని గాడిదల సైన్యమని ఆటపట్టించేవాడు. ట్యాంకులో కూర్చుని చెవులకు గొట్టాలు తగిలించుకుంటే మైళ్ల అవతల ఉన్నవాడితో మాట్లాడొచ్చని గొప్పలు పోయేవాడు. తాతయ్య ఒప్పుకుంటేనా! “మేము కళ్లతో చూసి నడిచినాం. ఆ ఇనప పెట్టెలో కూర్చుంటే బయట ఎవుడుండాడో నీకేం తెలుస్తాదిరా?” అనేవాడు.

యుద్ధం మొదలయ్యాక ఈ ఎకసెక్కాలన్నీ ఆగిపోయాయి. తాతయ్య రోజూ సాయంత్రం పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గరికి వెళ్లేవాడు. ట్యాంకులు, జెట్ విమానాలు అని చెబుతుంటే ఊళ్లోవాళ్లు తిరునాళ్ల వింతల్లాగా వినేవాళ్లు. ఆయన మాత్రం ఇంటికొచ్చి ఇంత మజ్జిగ తాగి పడుకునేవాడు. ఎన్ని ట్యాంకులు కాలిపోయాయో రేడియో చెప్పేది గానీ లోపలున్నవాళ్ల పేర్లు చెప్పదు కదా. కాల్పులు ఆగాయని చెప్పిన రోజు ఊరంతా సంబరపడింది. మాకు మాత్రం బాబాయి దగ్గర్నించి ఉత్తరం రాలేదు. పది రోజులు దాటినా రాలేదు. పిన్నికి ముద్ద దిగడం మానేసింది.

ఇక్కడ మా వైపు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. శుభవార్త అయితే ఉత్తరం మూలలకు పసుపు రాసి పంపేవాళ్లు. చావు కబురైతే మూల చించి పంపేవాళ్లు. అలాంటిది వస్తే గడప దాటనిచ్చేవాళ్లు కారు. బయటే చదివించుకుని, చించి పారేసి, తలారా నీళ్లు పోసుకుని లోపలికి వచ్చేవాళ్లు. చదువు రాని వాళ్లకు కూడా మూల చూస్తే సంగతి తెలిసిపోయేది.

ఒక మధ్యాహ్నం అమ్మా అవ్వా వాకిట్లో ఎండబోసిన వడ్లు కాళ్లతో కలబెడుతున్నారు. పోస్టుమాన్ ఒక కవరు ఇచ్చిపోయాడు. దాన్ని అంతకుముందే ఎవరో ఒక పక్క కోసి, మళ్లీ కాగితం ముక్కతో అంటించారు. అమ్మ ఆత్రంగా లోపలి కాగితం లాగింది. దానికి పై మూల లేదు. అవ్వ కేక పెట్టింది. ఉత్తరం వడ్ల మీద పడింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. ఒకామె పిన్ని చేతి గాజుల వైపు చూసి కళ్లు తుడుచుకుంది. ఆ చూపు నాకు ఈనాటికీ గుర్తే. నాకు చదవడం బాగానే వచ్చు. అయినా చదవమని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఆ కాగితాన్ని ముట్టుకోవాలంటేనే భయం వేసింది.

ఎవరో చెప్పినట్టున్నారు, తాతయ్య చేలోంచి బురద కాళ్లతోనే వచ్చాడు. “చించి అవతల పారేయ్యా, ఇంట్లోకి తేబాకు” అని అవ్వ ఏడుస్తూనే ఉంది. ఆయన ఉత్తరం తీసి, తెగిన అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. తర్వాత వడ్ల మధ్యలోనే చతికిలబడి నన్ను పిలిచాడు.

“ఇట్రామే. ఇది ఎవురి రాత?”

నేను ఎక్కిళ్ల మధ్య చూశాను. నాకు అక్షరాలు దిద్దబెట్టిన చెయ్యి అది, ఎక్కడున్నా గుర్తుపడతాను. బాబాయిదన్నాను.

“చచ్చినోడు నేను చచ్చినానని వాడే రాస్తాడామే?”

తల నుంచి నీళ్లు కారుతూ అవ్వ అలాగే నిలబడిపోయింది. అప్పుడు తాతయ్య తెగిన అంచు అందరికీ చూపించాడు. చేత్తో చించితే ఇంత తిన్నగా ఉండదు, ఇది కత్తెర పని అన్నాడు. యుద్ధంలో సిపాయి రాసే ప్రతి ఉత్తరమూ ఆఫీసరు చదువుతాడట. దళం ఎక్కడుందో శత్రువుకు తెలియకుండా ఊరి పేరు ఉన్నచోటల్లా కత్తిరిస్తాడట. బాబాయి మనందరి అలవాటు ప్రకారం పై మూలన ఊరు, తారీఖు వేశాడు, కత్తెర దానిమీద పడింది. బర్మాలో తోటివాళ్ల ఉత్తరాలకూ ఇట్లాంటి కత్తెర కిటికీలే చూశాడట తాతయ్య. “గాడిదలు పోయి ట్యాంకులొచ్చినాయి గానీ కత్తెర మటుకు మా కాలందే” అన్నాడు.

అప్పుడు పిన్ని గోడ దగ్గర్నించే మెల్లగా అడిగింది. “మూలతో పాటు తారీఖు కూడా పోయింది గదా మామా. ఇది ఎప్పుడు రాసినారో?”

తాతయ్య మొహం మళ్లీ వాడిపోయింది. కాగితం నా చేతికిచ్చాడు. “కడదాకా చదువు” అన్నాడు.

చదివాను. మధ్యలో ఇంకో రెండు కిటికీలున్నాయి. రొట్టెలు అలవాటయ్యాయని, ట్యాంకులో పెనం మీద కూర్చున్నట్టుందని రాశాడు. కాగితం తిప్పి వెనక పక్క చదివాను. కాల్పులు ఆగి రెండు రోజులైందట. చెవుల గొట్టాలు తీసేశాక ఎక్కడో కోడి కూత వినపడిందట. చివర్లో, “నాయనకు చెప్పండి, ఆయన అన్నది నిజమే, ఇనప పెట్టెలోంచి బయట ఏమీ కనపడలేదు” అని ఉంది.

“ఎదవ, ఇప్పటికి ఒప్పుకున్నాడు” అని తాతయ్య భోరున ఏడ్చేశాడు. ఆయన ఏడవడం అదే మొదటిసారి నేను చూడటం. అవ్వ, ఉత్తపుణ్యానికి నీళ్లు పోసుకున్నానని ఆఫీసర్లను తిట్టింది. అందరూ నవ్వారు. ప్రాణం లేచివచ్చినట్టయింది. తాతయ్య పిన్ని చేత పసుపు తెప్పించి, కత్తెర పడిన అంచు పొడవునా ఆమె చేతే రాయించాడు. ఆ పసుపు ఉత్తరం పట్టుకుని పిన్నే ముందుగా గడప దాటి లోపలికి వెళ్లింది.

మొన్నామధ్య పక్కింటమ్మాయి మా ఇంటికి ఏడుస్తూ వచ్చింది. వాళ్లాయన సరిహద్దులో పని చేస్తాడు. మాట్లాడుతుండగానే ఫోను తెగిపోయిందట, మళ్లీ కలవడం లేదట. ఇప్పుడు డ్రోన్లట, టీవీలో ఒకటే మోత. నేను ఆమెను కూర్చోబెట్టి, తెగిన సంగతి తర్వాత, తెగక ముందు ఏమన్నాడో చెప్పమన్నాను.

“అన్నం తిన్నావా అన్నాడు” అంది.

“మరి పోయి తిను” అన్నాను.