చీలమండ పట్టు

జూలై నెల, ఆదివారం. తెల్లవారుజామున కురిసిన వాన ఆగింది. దుకాణం ముందు నిలిచిన నీళ్ళు ఊడుస్తున్నాను. తమ్ముడు వచ్చి, "అన్నా, మేడమ్ పోయిన్రు. నిద్రలనే," అన్నాడు.

మేడమ్ మా దుకాణం ఎదురింట్లో ఉండేవారు. యూనివర్సిటీ గ్రౌండ్‌లో అమ్మాయిలకు కబడ్డీ నేర్పేవారు. నాది తార్నాకలో థీసిస్‌లు బైండింగ్ చేసే దుకాణం. బడికి పోలేదు. దుకాణానికి వచ్చిన కాగితాలతోనే చదవడం నేర్చుకున్నాను.

ఐదేళ్ళ కిందట ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, మృదులాస్థి ఊడిన చోట ఎముకకు సన్నని చిల్లులు పొడిచారు. అక్కడ కారిన రక్తం గడ్డకట్టి కొత్త పొరగా పెరగాలట. ఆరు వారాలు ఆ కాలు నేలకు మోపకూడదు.

"ఎముకను పొడిచి బాగుచేస్తరంట. నా పిల్లల్తోని నేను చేసేది గూడ గదే," అని నవ్వేవారు.

నాలుగో వారం అది. దుకాణంలో పది మంది విద్యార్థులున్నారు. ఏదో మాట మీద మాట పెరిగి తమ్ముడు, "నువ్వు చదివిందేందన్నా, అట్టల మీది పేర్లే గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. షట్టర్ దించే ఇనుప కడ్డీ తీసి వాడి తల మీద కొట్టాను. వాడు పడిపోయాడు. రక్తం తెల్ల కాగితాల మీదికి పాకింది. మళ్ళీ కడ్డీ ఎత్తాను.

ఎవరో నా చీలమండ పట్టి లాగారు. బోర్లా పడ్డాను. మేడమ్. చంకకర్రలు రోడ్డు మీద పడి ఉన్నాయి.

"కబడ్డీ అను!"

"వదులు మేడమ్, వాణ్ణి చంపుత!"

"అనురా! దమ్ము ఆగేదాంక అను!"

అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఊపిరి అయిపోయేసరికి కడ్డీ చేతిలో లేదు. వాణ్ణి ఆటోలో ఎక్కించింది నేనే. కుట్లు పడ్డాయి, బతికాడు.

మేడమ్ మోకాలిలో మళ్ళీ కెమెరా పెట్టి చూశారు. కొత్త పొర చిరిగిపోయింది. ఆ తర్వాత ఆవిడ కబడ్డీ కోర్టులో దిగలేదు. కాళ్ళ మీద పడబోతే కసిరారు. "మోకాలు పోతే కూసొని నేర్పుత. నువ్వు జైల్ల కూసుంటే గీ థీసిస్‌లు ఎవడు కుట్టాలె?"

ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మధ్యాహ్నం పాడె లేపాం. ముందు తమ్ముడు భుజమిచ్చాడు, వాడి వెనకే నేను. సందు చివర వ్యాన్ దాకా, వాడి తల వెనక వెంట్రుకలు మొలవని వేలెడు గీత నా కళ్ళముందే నడిచింది.

"భుజం మార్చుకుంటవా అన్నా?" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

వద్దన్నాను.

వచ్చి స్నానం చేశాను. నిన్న కుట్టిన థీసిస్‌లకు అట్టలు వేస్తూ కూర్చున్నాను.